కాగితం పేరు తెలిస్తే

2024 జూలై 3 రాత్రి విజయవాడ శివారులో, పెదపులిపాక దగ్గర కృష్ణా కరకట్ట మీద కాగితాల కట్టలు తగలబడుతుంటే స్థానికులు చూసి పోలీసులకు కబురందించారు. సగం కాలిన వాటిలో కాలుష్య నియంత్రణ మండలివి, గనుల శాఖవి బయటపడ్డాయి. మూడు వారాలైనా తిరక్కముందే, జూలై 21 రాత్రి, మదనపల్లె సబ్‌ కలెక్టర్‌ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నది దర్యాప్తులూ కోర్టులూ తేల్చాల్సిన సంగతి. నేను మీ దృష్టికి తెచ్చేది ఇంకొకటి. కాలిపోయిన ఫైలు ఏమిటో చెప్పాలంటే ముందు ఆ ఫైలు ఉండేదని ఎక్కడో ఒక రిజిస్టరులో రాసి ఉండాలి. నెంబరు, తేదీ, ఏ గుమాస్తా దగ్గర ఉంది, ఎన్ని పేజీలు. ఆ నాలుగు ముక్కలు ఉంటే బూడిదను కూడా లెక్క అడగవచ్చు. లేకపోతే ఫైలు కాలినా ఒకటే, అసలు పుట్టకపోయినా ఒకటే.

ప్రభుత్వ కార్యాలయం చుట్టూ కాళ్లరిగేలా తిరిగి విసిగిపోయిన వాళ్లలో చాలామందికి లేనిది ధైర్యం కాదు, ఓపికా కాదు. తమకు కావాల్సిన కాగితం పేరు వాళ్లకు తెలియదు. ఈ అధ్యాయం దాని గురించే.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఇరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ మనవాళ్లు రాసే దరఖాస్తులు ఎక్కువగా ఇలా ఉంటాయి: ‘మా వీధిలో డ్రైనేజీ ఎందుకు వేయలేదు? దీనికి బాధ్యులెవరు? ఎప్పుడు వేస్తారు?’ న్యాయమైన ప్రశ్నలే, కాదనను. కానీ అవి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వాల్సిన అర్జీలు. అర్జీ పని చేయమని అడుగుతుంది. సమాచార దరఖాస్తు అప్పటికే ఆఫీసులో ఉన్న కాగితాన్ని చూపమని అడుగుతుంది. ఈ రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ కేసులో స్పష్టంగానే చెప్పింది: తన దగ్గర ఉన్న సమాచారం ఇవ్వడమే అధికారి బాధ్యత, లేనిదాన్ని కొత్తగా తయారుచేయనక్కర్లేదు, దరఖాస్తుదారుకి అభిప్రాయాలూ సలహాలూ చెప్పనక్కర్లేదు. అందుకే ‘ఎందుకు’ అని రాసిన దరఖాస్తుకు ‘మీరు అడిగినది చట్టంలోని సమాచారం నిర్వచనం కిందికి రాదు’ అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చేస్తుంది. అధికారికి పని తప్పుతుంది, మీకు నెల పోతుంది.

అయితే ‘ఎందుకు’ అన్నదానికి జవాబు ఆఫీసులో లేకపోదు. అది నోట్‌ ఫైలులో ఉంటుంది.

మీ అర్జీ లోపలికి వెళ్లాక ఏమవుతుందో ఒకసారి చూద్దాం. ముందు టపా సెక్షన్‌లో దానికి ఇన్‌వార్డ్‌ నెంబరు పడుతుంది. అక్కడి నుంచి సంబంధిత గుమాస్తా సీటుకు వెళ్తుంది. ఆయన తన పర్సనల్‌ రిజిస్టరులో ఎక్కిస్తాడు. ఫైలు రెండు భాగాలుగా పెరుగుతుంది. వచ్చిన ఉత్తరాలు, వెళ్లిన ఉత్తరాలు ఒక వైపు. ఈ విషయంలో ఏం చేయాలో గుమాస్తా, సూపరింటెండెంట్‌, ఆపై అధికారి ఒకరి కింద ఒకరు రాసుకున్న మాటలు ఇంకో వైపు. ఈ రెండోదే నోట్‌ ఫైలు. ఈ-ఆఫీస్‌ వచ్చాక ఇదంతా కంప్యూటర్‌ తెర మీద జరుగుతోంది గానీ వరస మారలేదు. ఎవరు ఏ తేదీన చూశారో ఇప్పుడు ఇంకా కచ్చితంగా నమోదవుతోంది. పని ముగిశాక ఫైలుకు ఒక ‘డిస్‌’ ముద్ర పడుతుంది. మద్రాసు కాలం నుంచి వస్తున్న డిస్ట్రిక్ట్‌ ఆఫీస్‌ మాన్యువల్‌ పద్ధతి ఇది. ఆర్‌.డిస్‌. అంటే ఎప్పటికీ ఉంచాల్సింది, ఎల్‌.డిస్‌. అంటే కొద్దికాలానికే తీసేసేది.

చట్టంలో సమాచారం అంటే ఏమిటో చెప్పిన చోట మెమోలు, ఉత్తర్వులు, లాగ్‌బుక్కులు, ఒప్పందాలు, నమూనాలతో పాటు అభిప్రాయాలు, సలహాలు కూడా ఉన్నాయి. రికార్డులో రాసి ఉన్న అభిప్రాయం కాబట్టి నోట్‌ ఫైలూ మీరు అడగదగినదే. అందుచేత ‘నా ఇంటి స్థలం అర్జీ ఎందుకు తిరస్కరించారు’ అని రాయకండి. ‘ఫలానా తేదీన ఫలానా ఇన్‌వార్డ్‌ నెంబరుతో అందిన నా అర్జీకి సంబంధించిన నోట్‌ ఫైలు, ఉత్తర ప్రత్యుత్తరాల సర్టిఫైడ్‌ నకళ్లు ఇవ్వగలరు’ అని రాయండి. ఎందుకు తిరస్కరించారో అందులో వాళ్ల మాటల్లోనే ఉంటుంది. అందుకే అర్జీ ఇచ్చిన రోజున రసీదు, ఇన్‌వార్డ్‌ నెంబరు లేకుండా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దని పదేపదే చెబుతుంటాను. ‘తర్వాత వేస్తాంలెండి’ అంటే ‘పర్లేదండీ, ఉంటాను’ అని బల్ల మీద కూర్చోవడమే.

రాజస్థాన్‌లో మజ్దూర్‌ కిసాన్‌ శక్తి సంఘటన్‌ 1994 నుంచి ఊరూరా బహిరంగ విచారణలు పెట్టినప్పుడు కూలీలు అడిగినవి కూడా కాగితాలే. మస్టర్‌ రోళ్లు, బిల్లులు, వోచర్లు. మస్టరులో చచ్చిపోయినవాళ్ల పేర్లు చదివితే ఊరంతా విన్నది. సమాచార హక్కు ఉద్యమం అక్కడి నుంచే వేళ్లూనుకుంది. ఆ కూలీల్లో చాలామందికి చదువు రాదు. మస్టర్‌ రోల్‌ అనే మాట మాత్రం వచ్చు.

ఇప్పుడు మన డెల్టాకు వద్దాం. కృష్ణా డెల్టాలో రైతుకు ఏటేటా వచ్చే తగాదా పూడిక. ప్రకాశం బ్యారేజీ కింద బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్‌ కాలువ, అవతలి గట్టున కొమ్మమూరు కాలువ, వాటి కింద పిల్లకాలువలు, ఆ నీళ్లు తీసుకుపోయే డ్రెయిన్లు. ఎగువన పూడిక, దిగువన తూడు, గుర్రపుడెక్క. శివారు రైతు నీళ్లు రావని ఏడుస్తాడు, వానాకాలంలో అదే రైతు నీళ్లు పోవని ఏడుస్తాడు. ‘పూడిక తీయకుండానే బిల్లులు చేసుకున్నారు’ అన్న మాట వినని రచ్చబండ లేదు. నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చేవి రెండు పుస్తకాలు.

ఒకటి ఎం-బుక్‌, కొలతల పుస్తకం. చేసిన ప్రతి పనినీ అసిస్టెంట్‌ ఇంజినీరు (ఏఈ) అందులో కొలతలతో రాయాలి, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్‌ ఇంజినీరు (డీఈఈ) చెక్‌ మెజర్‌మెంట్‌ చేసి సంతకం పెట్టాలి. ఆ పేజీ లేనిదే బిల్లు లేదు. రెండోది లెవల్‌ ఫీల్డ్‌ బుక్‌. పూడిక తీయకముందు కాలువ అడుగు ఏ మట్టంలో ఉంది, తీశాక ఏ మట్టంలో ఉంది అన్నది అందులో ఉంటుంది. ఈ రెండు మట్టాల తేడాయే తీసిన మట్టి. కాంట్రాక్టరుకు డబ్బిచ్చేది ఆ తేడాకే. ఊళ్లో చాలామంది ‘ఎంత ఖర్చు పెట్టారు’ అని అడిగి ఒక అంకె తెచ్చుకుని తృప్తిపడతారు. ఆ అంకెతో ఏం చేసుకుంటారు? లెవల్‌ బుక్కు అడిగినవాడి చేతికి కొలిచి చూసుకునే ఆధారం వస్తుంది. దరఖాస్తు ఇలా ఉండాలి:

‘ఫలానా కాలువపై ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు వరకు 2024–25 సంవత్సరంలో జరిగిన పూడికతీత, తూడు తొలగింపు పనులకు సంబంధించి: 1. మంజూరైన అంచనా, 2. కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, 3. పనికి ముందు, పని తర్వాత తీసిన లెవల్స్‌ ఉన్న లెవల్‌ ఫీల్డ్‌ బుక్‌ పేజీలు, 4. సంబంధిత ఎం-బుక్‌ పేజీలు, 5. చెల్లించిన బిల్లులు. వీటి సర్టిఫైడ్‌ నకళ్లు ఇవ్వగలరు. అలాగే సెక్షన్‌ 2(జె) ప్రకారం ఆ పనిని స్వయంగా తనిఖీ చేసుకునేందుకు తేదీ, సమయం తెలపగలరు.’

ఆ చివరి వాక్యం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు చట్టంలోనే ఉన్నాయి. కాకపోతే మన డెల్టాలో దీనికొక కాలం ఉంది. కాలువలు కట్టేసేది వేసవిలో. పూడికతీత పనులు జరిగేదీ ఆ కాస్త వ్యవధిలోనే. జూన్‌లోనో, ఆలస్యమైతే జూలైలోనో నీళ్లు వదిలారంటే కాలువ అడుగు ఇక కనబడదు. మీ దరఖాస్తుకు జవాబివ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. మే నెలాఖరులో వేసిన దరఖాస్తు నీళ్ల కిందికి పోతుంది. పని మొదలైందని తెలిసిన వారంలోనే వేయాలి, ముందు లెవల్స్‌ చాలు. పని తర్వాతి లెవల్స్‌కు ఇంకో దరఖాస్తు వేసుకోవచ్చు.

ఖర్చంటారా, ఏమంత కాదు. ఆంధ్రప్రదేశ్‌ నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తు రుసుం లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మామూలు పేజీ నకలుకు 2 రూపాయలు. తెల్ల రేషన్‌ కార్డువారికి దరఖాస్తు రుసుం లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ‘మీకెందుకండీ ఇది?’ అని అడిగితే నవ్వి ఊరుకోండి. పేజీల డబ్బు కట్టమని ఉత్తరం వస్తే ఆలస్యం చేయకండి. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే దాకా గడిచిన రోజులు 30 రోజుల లెక్కలోకి రావు. గడువు దాటాక ఇస్తే మాత్రం ఉచితంగానే ఇవ్వాలి.

ఏ ఆఫీసులో వేయాలన్నది మన ప్రాంతంలో నిజంగానే చిక్కు. 2022 ఏప్రిల్‌ 4న ఉమ్మడి కృష్ణా జిల్లా విడిపోయింది. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్‌ జిల్లా, మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా. అంతకుముందు, 2014 చివర్లో, పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా పోయి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) వచ్చింది. పాత లేఅవుట్‌ ఫైలు కోసం వెళ్తే ఒకరు కార్పొరేషన్‌ అంటారు, ఒకరు సీఆర్‌డీఏ అంటారు. ఇంకా వెనక్కి వెళ్తే 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్కలన్నీ కరణంగారి ఇంట్లో ఉండేవి. ఆ పుస్తకాలు ఎన్ని తాలూకా కచేరీలకు చేరాయో, మండలాలు వచ్చాక ఎన్ని ఎక్కడికి మారాయో భూమి తగాదాలున్న ప్రతి కుటుంబానికీ తెలిసిన కథే. ఈ చిక్కుకు చట్టంలో విరుగుడు సెక్షన్‌ 6(3). కాగితం వేరే ఆఫీసులో ఉంటే దరఖాస్తు తీసుకున్నవారే అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చేసి మీకు చెప్పాలి. ‘ఇక్కడ కాదు, బందరు వెళ్లండి’ అని మిమ్మల్ని పంపేయడానికి లేదు. దరఖాస్తు చివర ఆ సెక్షన్‌ పేరు ఒక వాక్యంలో రాసిపెట్టండి.

భూమి విషయంలో పేర్లు తెలియడం మరీ ముఖ్యం. 1-బి, అడంగల్‌ మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. తగాదా వచ్చినప్పుడు అవి చాలవు. రీసెటిల్‌మెంట్‌ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్‌) కావాలి, సర్వే నెంబరు కొలతలున్న ఫీల్డ్‌ మెజర్‌మెంట్‌ బుక్‌ (ఎఫ్‌ఎంబీ) కావాలి. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే తర్వాత పాత విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ పొంతన కుదరనివారు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకోకుండా అధికారితో వాదించి లాభం లేదు. ఇక్కడొక మాట. రిజిస్టరైన దస్తావేజు నకలు, జనన ధ్రువపత్రం లాంటివాటికి వాటి కౌంటర్లు, వాటి రుసుములు వేరే ఉన్నాయి. వాటికి సమాచార హక్కు వాడి నెల రోజులు పోగొట్టుకోకండి.

ఎన్ని పేజీలున్నాయో, ఏ పేజీ కావాలో తెలియనప్పుడు నకళ్లు అడగడం కన్నా ఫైలు చూస్తానని అడగడం మేలు. తనిఖీకి మొదటి గంట ఉచితం. రికార్డు రూములో ఎర్రగుడ్డ మూటలు, దుమ్ము, ఒక అరిగిపోయిన బల్ల, పక్కన మిమ్మల్నే కనిపెడుతూ రికార్డు అసిస్టెంటు. కంగారు పడకండి. ముందు ఫైలు మొదటి పేజీ, చివరి పేజీ నెంబర్లు రాసుకోండి. మధ్యలో నెంబర్లు ఎక్కడైనా ఎగిరాయా, ఒకే నెంబరు కొట్టివేసి మళ్లీ రాశారా చూడండి. ఆ తర్వాతే చదవడం. నోట్‌ ఫైలులో ‘చర్చించాను’ అని రాసి కింద ఏమీ లేకుండా సంతకం ఉంటే ఆ తేదీ రాసుకోండి. ఫైలు దారి మళ్లేది చాలాసార్లు ఆ ఒక్క మాట దగ్గరే. మీకు కావాల్సిన పేజీల నెంబర్లు చెప్పి నకళ్లు అడిగితే అయిదొందల పేజీల బదులు పదిహేను పేజీలతో పని అయిపోతుంది. ఆ ఉద్యోగికీ మీ మీద గౌరవం పెరుగుతుంది.

ఇక అందరూ భయపడే జవాబు: ‘ఫైలు దొరకడం లేదు.’ ఇది విని తిరిగొచ్చేయకూడదు. ఫైలు పోయింది అన్నది సమాచారం నిరాకరించడానికి చట్టంలో ఉన్న మినహాయింపుల్లో లేదు. కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేసిన మన తెలుగువాడు మాడభూషి శ్రీధర్‌ ఆచార్యులు తన ఉత్తర్వుల్లో ఈ మాట గట్టిగా చెప్పారు. 2013లో ఢిల్లీ హైకోర్టు విశ్వాస్‌ భాంబుర్కర్‌ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ఒకప్పుడు ఉన్న రికార్డు కనబడకపోతే గట్టిగా వెతకాలని, దొరక్కపోతే బాధ్యులెవరో విచారించాలని చెప్పింది. మీరు చేయాల్సింది మళ్లీ కాగితం అడగడమే. ఆ ఫైలు నెంబరున్న రిజిస్టరు పేజీ, చివరిగా ఎవరి సీటులో ఉందో ఆ నమోదు, ఆ గుమాస్తా బదిలీ అయినప్పుడు ఇచ్చిన చార్జి లిస్టు, శాశ్వతంగా తీసేసి ఉంటే తీసేసిన రికార్డుల జాబితా, ఫైలు పోయిందని పైఅధికారికి రాసిన ఉత్తరం. ఈ అయిదూ అడిగాక చాలా ఫైళ్లు బీరువా వెనక నుంచి దొరుకుతాయి. అప్పటికీ దొరక్కపోతే ఒక ఫైలు ఒక్క ఆఫీసులో ఉండదని గుర్తుంచుకోండి. తహసీల్దారు రాసిన ఉత్తరం ఆర్డీఓ దగ్గర ఉంటుంది, ఆర్డీఓ రాసినది కలెక్టరేట్లో ఉంటుంది. ఆ ముక్కల్ని కూర్చుకోవచ్చు.

ఈ పుస్తకం చదివేవారిలో బల్లకు అవతలి వైపు కూర్చునేవారూ ఉంటారు. మీకు సమాచార హక్కు అంటే చిరాకు. మీ చిరాకులో సగం న్యాయం ఉంది. బెదిరించి డబ్బు గుంజడానికి దరఖాస్తులు వేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల వల్ల నిజమైన బాధితుడి దరఖాస్తును కూడా అనుమానంగా చూడాల్సి వస్తోంది. కానీ మిగతా సగం మీ ఆఫీసు స్వయంకృతం. చట్టంలో సెక్షన్‌ 4(1)(ఎ) మొదటి పనిగా చెప్పింది రికార్డులను జాబితా వేసి, సూచిక రాసి, వెతకగానే దొరికేలా పెట్టమని. ఆ తర్వాతి 4(1)(బి) అడగకముందే 17 రకాల వివరాలు బయట పెట్టమంటుంది. అందులో రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలూ ఉన్నాయి. ఆ రెండూ చేసిన ఆఫీసుకు దరఖాస్తులు తగ్గుతాయి. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో మూడేళ్లు, ఒక్క మీట నొక్కితే దొరికే ఉత్తర్వు కోసం జనం దరఖాస్తులు రాయాల్సి వచ్చింది. ఎవరికి లాభం?

మీ సొంత రక్షణకైనా కొన్ని అలవాట్లు చేసుకోండి. ఫైలు పెరుగుతున్నప్పుడే పేజీ నెంబర్లు వేయండి, దరఖాస్తు వచ్చాక కాదు. నోటి మాటగా వచ్చిన ఆదేశాన్ని తేదీతో, ఎవరు చెప్పారో సహా నోట్‌ ఫైలులో రాయండి. బదిలీ రోజున చార్జి లిస్టులో ఒక్కో ఫైలు నెంబరూ రాసి, అందుకున్నవారి సంతకం తీసుకుని, ఒక నకలు మీ ఇంట్లో ఉంచుకోండి. పదేళ్ల తర్వాత ఆ ఫైలు మాయమైతే మిమ్మల్ని కాపాడేది ఆ సంతకమే. గడువులోగా ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడేది సమాచార అధికారి హోదాలో ఉన్న మనిషి మీదే, ఆఫీసు ఖజానా మీద కాదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్‌, పాయకాపురం మునిగిన రోజుల్లో, బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పరుగెత్తిన రోజుల్లో, ఎన్ని ఇళ్లలో బీరువా అడుగు అరలోని కాగితాలు ముద్దయిపోయాయో లెక్కలేదు. కింది అంతస్తు మునిగినవారికి 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు సాయం అన్నారు. పేరు జాబితాలో ఎక్కనివాళ్లు కార్యాలయాల ముందు బారులు తీరారు. అలాంటప్పుడు ‘నాకు రాలేదు’ అన్న మాట కన్నా ‘మా వీధి గణన పత్రం నకలు కావాలి’ అన్న మాట బలమైనది. మీ పేరు అసలు రాసుకోలేదా, రాసుకున్నాక కొట్టేశారా అన్నది ఆ పత్రమే చెబుతుంది. ఈ-క్రాప్‌ జాబితా విషయంలో రైతుకూ ఇదే వర్తిస్తుంది. రైతు సేవా కేంద్రంలో అది అతికించిన రోజునే వెళ్లి ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంట్లో ముఖ్యమైన కాగితాలు పై అరలో, ప్లాస్టిక్‌ సంచిలో పెట్టండి. డిజిలాకర్‌లో దొరికేవి అక్కడ దాచండి.

మీ గురించీ మీ ఊరి పనుల గురించీ అడగడం వేరు, పక్కింటివాడి గురించి అడగడం వేరు. 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్‌ 8(1)(జె)ని మార్చి వ్యక్తిగత సమాచారానికి తలుపు ఇంకా బిగించింది. 2025 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. ఈ మార్పు నాకు నచ్చలేదు, అధికారి తప్పును కూడా వ్యక్తిగతం అనేయడానికి ఇది వీలిస్తుంది. కానీ ఉన్న చట్టంతోనే పని జరుపుకోవాలి. మనిషి పేరు అడగకుండా ఆఫీసు చేసిన పనిని అడగండి. ఫలానా అధికారి ఆస్తులు అని కాక, ఫలానా తేదీన ఆ కుర్చీలోంచి వెళ్లిన ఉత్తర్వు, దాని ఫైలు అని రాయండి. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వవచ్చన్న 8(2) ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఉదహరించండి.

జవాబు రాకపోతే, వచ్చినా సగమే వస్తే, 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అదే ఆఫీసులో పైఅధికారికి. అక్కడ 30 రోజులు, కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అక్కడ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముందే తెలిసి ఉంటే మంచిది. నా సలహా, మొదటి అప్పీలును తేలిగ్గా తీసుకోకండి. చాలా పనులు అక్కడే తెగుతాయి, ఎందుకంటే కమిషన్‌ దాకా వెళితే తన కింది ఉద్యోగికి జరిమానా పడుతుందని ఆ అధికారికి తెలుసు. ఇవ్వకపోవడం సబబేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత చట్టం అధికారి మీదే పెట్టింది, మీ మీద కాదు. రిజిస్టర్డ్‌ పోస్టు 2025లో స్పీడ్‌ పోస్టులో కలిసిపోయింది కాబట్టి దరఖాస్తూ అప్పీలూ స్పీడ్‌ పోస్టులోనే పంపి రసీదు దాచండి, అందిన తేదీ ఆన్‌లైన్‌లో చూసి ఆ పేజీ ప్రింటు తీసి రసీదుకు పిన్ను చేయండి. దరఖాస్తు నకలు, రుసుం కట్టిన పోస్టల్‌ ఆర్డర్‌ నెంబరు, వచ్చిన జవాబు, వచ్చిన కవరు కూడా తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టి పేజీ నెంబర్లు వేయండి. కవరు మీది తపాలా ముద్ర తేదీకీ ఉత్తరం మీది తేదీకీ మధ్య వారం పది రోజుల తేడా తరచూ కనిపిస్తుంది. రెండో అప్పీలులో గడువు లెక్క ఆ ముద్రను బట్టి తేలుతుంది.